అక్షహృదయం

మన భాషలో ‘ఆడు’ అనే ధాతువు మహా చిత్రమైనది. పిల్లలు గోలీలు ఆడతారు. భాగవతులు వేషం కట్టి ఆడతారు. గానుగ ఆడుతుంది, పిండిమర ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది. చివరకు అబద్ధం కూడా ఆడతారు. సినిమాహాలులో సాయంత్రం వేసే బొమ్మకు మొదటి ఆట అని పేరు. మనిషి వినోదించడానికీ, యంత్రం కదలడానికీ, ప్రాణం నిలవడానికీ మన పూర్వులు ఒక్కమాటే చాలుననుకున్నారు. ఇన్నేళ్ళుగా విద్యార్థులకు పాఠం చెబుతూ నేను దీన్ని నిఘంటువుకు సంబంధించిన విషయంగానే చూశాను. మొన్నటి వేసవిలో భావనపాడు ఇసుకమీద కూర్చుని నా పాత శిష్యుడొకడి మాటలు విన్నతరువాత గాని, ఆ మాటలో ఇమిడివున్న ముడి ఎంత బిగువైనదో నాకు తెలియలేదు. అతని వృత్తి ఆటలను ఆడించడం.

నౌపడాలో రైలు దిగి తూర్పుగా వెళ్ళేవారికి మొదట ఉప్పుమడులు ఎదురవుతాయి. ఎండలో కళ్ళు చెదిరే ఆ తెల్లని కుప్పలను దాటుకుని పోగా పోగా సముద్రపు హోరు వినవస్తుంది. నేను వెళ్ళినది వేట నిషేధపు రోజులలో. తూర్పుతీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవల వేటను ప్రభుత్వం ఆపివేస్తుంది. అందుచేత పడవలన్నీ ఒడ్డుకెక్కి బోర్లపడి ఉన్నవి. మగవారు తాటాకు నీడల్లో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ప్రక్కనే మూలపేటలో 2023 ఏప్రిల్ 19న కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఊళ్ళో ఎవరిని పలుకరించినా ముందు ఆ రేవు సంగతే ఎత్తుతున్నారు. నేను వెళ్ళిన పని అది కాదు.

నా శిష్యుడు మత్స్యకారుల బిడ్డ. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీలో వీడియోగేములను పరీక్షించే ఉద్యోగం. వీడియోగేముకు తెలుగు మాట కల్పించాలని నేను లోగడ చాలా ప్రయత్నించాను గాని కుదరలేదు. ‘దృశ్యక్రీడ’ అంటే నాటకమనుకుంటారు. పిల్లలు గేము అంటున్నారు, అదే ఉండనీయండి. సెలవుమీద ఇంటికి వచ్చానని అతడు కబురుచేస్తే, పిల్లల చదువులను ఈ గేములు ఎట్లా మింగివేస్తున్నవో నాలుగు మాటలు చెప్పి వద్దామని, నిజం దాచడమెందుకు, ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకునే వెళ్ళాను.

“మాస్టారూ, మీరు పరీక్ష పేపర్లు దిద్దినట్టే నేను ఆటలు దిద్దుతానండి,” అన్నాడతడు. “మీరైనా ఒక పేపరు ఒకసారే దిద్దుతారు. నేను ఒకే గోడను నాలుగు రోజులు గుద్దాను.”

గోడను గుద్దడమేమిటని అడిగాను. ఆటలోని కథానాయకుడు పరుగెత్తి గోడకు తగిలినప్పుడు ఆగిపోవాలి. ఏ మూలనుంచి వచ్చినా, ఏ వేగంతో వచ్చినా ఆగాలి. ఒక్కొక్కప్పుడు వాడు గోడలోనుంచి దూరి అవతలికి, అంటే ఏమీ లేని శూన్యంలోకి, పడిపోతాడట. తెరమీది బొమ్మ క్షణానికి అరవైసార్లు కొత్తగా గీయబడుతుంది. ఆ రెండు బొమ్మల నడుమనున్న రెప్పపాటులో పదహారో వంతులాంటి కాలంలో, వాడెక్కడున్నాడు, గోడ ఎక్కడున్నది, వెలుతురు ఎటునుంచి పడుతున్నది అని యంత్రం లెక్క తేల్చుకోవాలి. లెక్క తప్పితే గోడ గోడ కాదు. ఆ తప్పును పట్టి, ఎప్పుడు ఎక్కడ ఎట్లా జరిగిందో వ్రాసి పంపడం ఇతని పని. రోజుకు ఎనిమిది గంటలు. ఇంటికి వచ్చి గేము ముట్టుకుంటావా అని అడిగితే నవ్వి, మిఠాయి కొట్టువాడు ఇంట్లో మిఠాయి తింటాడా అని నన్నే అడిగాడు.

ఈ ఆటల పుట్టుక చాలామంది అనుకునేంత ఇటీవలిది కాదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలకు వచ్చే సందర్శకులకు విసుగు కలగకుండా ఉండేందుకు విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక ఓసిల్లోస్కోపు తెరమీద వెలుగుచుక్కను బంతిగా చేసి టెన్నిసు ఆడించాడు. ఆయన అంతకుముందు లాస్ అలమాస్‌లో అణుబాంబు నిర్మాణంలో ఎలక్ట్రానిక్సు పని చేసినవాడు. యుద్ధానంతరం అణ్వస్త్రాల వ్యాప్తిని అరికట్టడానికి పాటుపడినవాడు. అటువంటి మనిషి చేతినుంచి ఒక ఆటబొమ్మ వెలువడడం విచిత్రమే. 1972లో అటారీ కంపెనీ పాంగ్ అనే ఆటతో దానిని వ్యాపారం చేసింది. నాణెం వేస్తే ఆడే పెట్టెలు బజారులో వెలిశాయి. 1978లో జపానులో పుట్టిన స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో ఆడేవానికి మూడు ప్రాణాలు ఇచ్చేవారు. మూడూ పోతే ఆట ముగిసినట్లే. మళ్ళీ ఆడాలంటే మళ్ళీ నాణెం. మన పల్లెలకు వచ్చేసరికి 1997 తరువాత నోకియా ఫోనులో పాము ఆట రూపంలో వచ్చింది. ఆ పాము తన తోకను తానే కరచుకుని చచ్చేది. ఉపాధ్యాయుల గదిలో గంట కొట్టినా లేవకుండా దానిని ఆడినవారిని నేనెరుగుదును. వారిలో నేనూ ఒకడను.

ఇప్పుడది పిల్లల వినోదమని తేలికగా త్రోసివేయదగినది కాదు. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్‌కు అధిపతి అయినారు. అదే సంవత్సరం ఆ సంస్థ మైన్‌క్రాఫ్ట్ అనే ఆటను తయారుచేసిన కంపెనీని 250 కోట్ల డాలర్లు పోసి కొన్నది. 2023లో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే మరొక ఆటల కంపెనీని దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొన్నది. డాలర్లను రూపాయలలోకి మార్చుకునే పని విద్యార్థులకు వదలివేస్తున్నాను.

నా ఉపన్యాసం నేను మొదలుపెట్టాను. అతడు వినయంగా విన్నాడు. విని, “నేను ఇంగ్లీషు గేముల్లోనే నేర్చుకున్నానండి, క్లాసులో కాదు,” అన్నాడు. మైన్‌క్రాఫ్టులో దిమ్మలు పేర్చి కోటలు కట్టిన పిల్లవానికి రేఖాగణితం అడగకుండానే వస్తుందన్నాడు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన టెట్రిస్ ఆటను మించిన పద్యం లేదన్నాడు. పద్యమనే మాట నన్ను మెప్పించడానికే వాడాడు కాబోలు. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆటవ్యసనాన్ని రుగ్మతగా గుర్తించిందని నేనంటే, గుర్తించిన మాట నిజమేననీ, 2022 జనవరి నుంచి అది పట్టికలోకి ఎక్కిందనీ, కాని ఆటమీద అదుపు తప్పి, తక్కిన జీవితమంతా వెనుకబడి, ఆ స్థితి సాధారణంగా పన్నెండు నెలలు కొనసాగితేనే ఆ పేరు పెట్టాలని ఆ పట్టికలోనే ఉన్నదనీ జవాబు చెప్పాడు. గేము ఆడే ప్రతి కుర్రవాడినీ రోగిగా చూసే మనబోటి ఉపాధ్యాయులు ఈ మాట కొంచెం నెమ్మదిగా వినవలసి ఉన్నది.

అయితే అసలు సంగతి తరువాత బయటపడింది. కొంతసేపు ఊరుకుని, “మాస్టారూ, మీరు క్లాసులో చెప్పిన ఋతుపర్ణుడు మా ఆఫీసులో ఉన్నాడండి,” అన్నాడు.

అరణ్యపర్వంలో నలోపాఖ్యానం చదివినవారికి నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాడన్న సంగతి గుర్తుంటుంది. ఎట్లా బయటపడ్డాడన్నది అంతగా గుర్తుండదు. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని రథం తోలుకుంటూ విదర్భకు పోతున్నప్పుడు, దారిలో ఒక తాండ్రచెట్టు కనబడింది. ఋతుపర్ణుడు రథం దిగకుండానే దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పాడు. నలుడు నమ్మలేదు. రథం ఆపి, చెట్టును పడగొట్టి, కూర్చుని లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది. అప్పుడు ఆ రాజు తనకు తెలిసిన అక్షహృదయమనే విద్యను, అంటే పాచికల మర్మాన్ని, లెక్కల కీలకాన్ని, నలునికి ఉపదేశించాడు. బదులుగా అశ్వహృదయం అడిగాడు. నలునికి ఆ విద్య అబ్బిన క్షణంలోనే కలిపురుషుడు అతని శరీరంలోనుంచి బయటపడి ఆ తాండ్రచెట్టులోకి పారిపోయాడు. త్రిఫలాల్లోని తానికాయ ఈ చెట్టుదే. ప్రాచీనకాలంలో జూదానికి ఆ కాయలనే పాచికలుగా వాడేవారు. కథ చెప్పినవానికి చెట్టు ఊరికే తోచలేదన్నమాట. నలుని విడిపించినది పశ్చాత్తాపం కాదు, వ్రతం కాదు, పెద్దల మందలింపు అసలే కాదు. లెక్క తెలియడం.

“మా ఆఫీసులో ఒక గది ఉందండి,” అన్నాడు నా శిష్యుడు. “ఆడేవాడు ఎన్నిసార్లు ఓడితే విసుగొచ్చి ఫోను క్రింద పెడతాడో అక్కడ లెక్క కడతారు. దానికి ఒక్క అడుగు ముందు వాడికొక గెలుపు ఇస్తారు. మూసిన పెట్టె ఒకటి ఇచ్చి, అందులో ఏముందో తెలియకుండా డబ్బుకు అమ్ముతారు. ఒకసారి ఏమీ ఉండదు, ఒకసారి వజ్రం ఉంటుంది. ఎప్పుడుంటుందో తెలియకపోవడమే కిటుకు.” స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాలతో చేసిన ప్రయోగాలు ఇందుకు మూలం. పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం, గింజలు ఆగిపోగానే పొడవడం మానుకుంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడితే మాత్రం, ఆగిపోయినా చాలాకాలం పొడుస్తూనే ఉంటుంది. పూర్వపు నాణేల పెట్టెకు ఆట త్వరగా ముగియడం లాభం. ఇప్పటి ఫోను ఆటకు ముగియకపోవడం లాభం. మూడు ప్రాణాలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ప్రాణాలు అమ్మకానికి ఉన్నవి.

ఆ గదిలోకి అతనిని రమ్మన్నారు. జీతం ఇంచుమించు రెట్టింపు. జూన్ 15లోపల మాట చెప్పాలి. నన్ను పిలిపించినది అందుకని అప్పుడు తెలిసింది. ఉపన్యాసం నా గొంతులోనే ఆగిపోయింది.

అందులో తప్పేమున్నదని అడగవచ్చు. చట్టం ఒక గీత గీసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకరు వంటి వాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. డబ్బు ఒడ్డి డబ్బు గెలిచే ఆట నేరం. మూసిన పెట్టెను కొంటే వచ్చేది డబ్బు కాదు, తెరమీది కత్తో చొక్కానో. బెల్జియంవారు 2018లో కొన్ని ఆటల్లోని ఇటువంటి పెట్టెలను జూదమేనని తేల్చారు. అన్ని దేశాలూ అట్లా అనలేదు. కాబట్టి చట్టం వైపునుంచి నా శిష్యునికి చిక్కు లేదు. అతని చిక్కు ఇంటి వైపునుంచి.

“నేను చేసేది ఆటల పని అని నాన్నకు ఇంతవరకు చెప్పలేదండి. కంప్యూటరు పని అన్నాను. చిన్నప్పుడు మేం అష్టాచెమ్మా ఆడుతుంటే గవ్వలు తీసుకెళ్ళి సముద్రంలో పారేశాడు. మా పెదనాన్న ఇట్లాంటి నిషేధం రోజుల్లోనే పేకాటలో పడవలో తన వాటా పోగొట్టుకున్నాడు. మరి కోలుకోలేదు.”

ఆ తండ్రి అప్పటికి మాకు ఇరవై గజాల దూరంలో వల ముందు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ప్రక్కన ప్లాస్టిక్ సంచిలో, దానిమీద గుడ్డలో, చంటిబిడ్డలాగా చుట్టిపెట్టిన ఒక చిన్న యంత్రం ఉన్నది. జీపీఎస్. కొడుకే కొనిపెట్టాడట, గుర్తులు పెట్టుకోవడం కూడా అతడే నేర్పాడట. నేను దగ్గరకు వెళ్ళి కూర్చుని దానిని చూపించమన్నాను.

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ గడియారాల కాలాన్ని ఎడతెగకుండా ప్రకటిస్తూ ఉంటాయి. కనీసం నాలుగింటి పలుకు వినగలిగితే, ఏ పలుకు ఎంత ఆలస్యంగా వచ్చిందో లెక్కగట్టి, ఈ పిడికెడు యంత్రం పడవ ఉన్నచోటును చెబుతుంది. ఇది లేని రోజుల్లో ఏం చేసేవారని అడిగాను.

“కొండకొనా, ఊళ్ళో తాటిసెట్టూ ఒక వరసలోకి తెచ్చుకునీవోళ్ళం మాస్టారూ. ఇటుపక్క మరో రెండు గురుతులు. ఆ రెండు వరసలూ కలిసిన కాడ వల. రాతిరైతే కళింగపట్నం దీపం. ఇప్పుడు కుర్రోళ్ళు గీతనే సూత్తారు, నీళ్ళు సూడరు. నీళ్ళ రంగు మారిందని యంత్రం సెప్పదు గదా.”

నిజానికి ఆ రంగును చెప్పేవారు కూడా ఉన్నారు. 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహాలు పంపే లెక్కలనుబట్టి, సముద్రజలపు వేడిమినీ, నీటిలోని పచ్చదనాన్నీ చూసి, చేపలు ఎక్కడ చేరే వీలున్నదో మత్స్యకారులకు తెలియజేస్తుంది. ఆ కేంద్రం ఉన్నది హైదరాబాదులో, ఏ తీరానికైనా వందల కిలోమీటర్ల దూరంలో! ఈ మాట చెబితే ముసలాయన చాలాసేపు నవ్వాడు. కాని తుపాను కబుర్లను మాత్రం నవ్వులాటగా తీసుకోడు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఒడ్డునే ఉండి ప్రాణం దక్కించుకున్నవారిలో తానొకడినని చెప్పాడు.

యంత్రం లేకపోతే ఏమవుతుందో, ఉండి కూడా ఏమవుతుందో ఈ జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ పని చాలక గుజరాతులోని వేరావల్ రేవుకు కూలికి పోయే మత్స్యకారులు మన జిల్లాల్లో ఎందరో. 2018 నవంబరులో అట్లా వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారిని, తమ జలాల్లోకి వచ్చారని పాకిస్థాన్ గస్తీదళం పట్టుకుని కరాచీ జైలులో ఉంచింది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో మన నేలమీద అడుగుపెట్టారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆధారం ఈ సంఘటనే. సరిహద్దు నీటిమీద కనబడదు. తెరమీది గీతగానే ఉంటుంది. గేములో గీత దాటితే ఒక ప్రాణం పోయి ఆట మొదటికి వస్తుంది. అక్కడ గీత దాటినందుకు పదమూడు నెలలపైన జైలు.

వాళ్ళ ఊరి కుర్రవాళ్ళు కూడా ఈ నిషేధపు రెండు నెలలూ ఫోనుల్లోనే ఉన్నారని ముసలాయన ఫిర్యాదు చేశాడు. “సేపకైతే అరవయ్యొక్క రోజు సెలవిచ్చింది గవర్నమెంటు. మడిసికి ఎవులిత్తారండీ?” అన్నాడు. చైనా ఇచ్చిందని, అక్కడ పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు వారానికి మూడు గంటలకు మించి ఆన్‌లైన్ ఆటలు ఆడరాదని 2021లో కట్టడి చేశారని చెప్పబోయి ఊరుకున్నాను. కట్టడి చేసేవాడు ఎల్లకాలం ప్రక్కన ఉండడు. నలుని దగ్గర దమయంతి ఉండనే ఉన్నది, వారించింది కూడా.

నేను కళాశాలలో ఒకసారి చేసిన పని ఇక్కడ చెప్పాలనిపిస్తున్నది. నలోపాఖ్యానం ముగించిననాడు విద్యార్థులచేత కొత్తగా వైకుంఠపాళి పటం గీయించాను. నిచ్చెనలు, పాములు వారి ఇష్టం. చాలామంది మంచి పనికి నిచ్చెన, చెడ్డ పనికి పాము అని బుద్ధిగా గీశారు. ఒక అమ్మాయి మాత్రం మొదటి వరుసల్లో అన్నీ నిచ్చెనలే వేసి, పరమపదానికి రెండు గడుల దూరంలో ఒకే ఒక పెద్దపామును వేసింది. ఎందుకమ్మా అంటే, “మొదట్లో ఓడితే లేచిపోతారండి. అంతదాకా వచ్చాక పడితే లేవలేరు,” అన్నది. ఆ పిల్లకు ఎవరూ మనస్తత్వశాస్త్రం చెప్పలేదు. పటం గీసే చేయి తనదైనప్పుడు తెలిసింది. ఆ తరగతివారు తరువాత ఫోను మానివేశారని నేను చెప్పడం లేదు. కాని ఫోనులో పాము ఎక్కడున్నదో చూపించి నవ్వుకోవడం మాత్రం మొదలుపెట్టారు. ఉన్నతపాఠశాల ఉపాధ్యాయులు కూడా దీనిని చేసి చూడవచ్చు. ఒక కాగితం, ఒక పెన్సిలు తప్ప ఖర్చు లేదు.

సాయంత్రమవుతున్నది. వల దారం పళ్ళతో కొరుకుతూ ముసలాయన హఠాత్తుగా నన్నడిగాడు: “మాస్టారూ, మావోడు ఆ పట్నంలో సేసే పని ఏటండి? ఆడు సెప్పడు, నాను అడగను.”

నేను శిష్యుని ముఖం చూశాను. అతడు సముద్రంవైపు చూసి, “ఆటలు, నాన్నా. ఫోనులో ఆడే ఆటలు. వాటిలో తప్పులు వెతుకుతాను,” అన్నాడు.

ముసలాయన చేయి ఆగింది. కోపం వస్తుందని నేను భయపడ్డాను. కొంతసేపటికి, “ఏదీ, సూపించు,” అన్నాడు.

కొడుకు ఫోను తీసి ఇచ్చాడు. పడవ ఒకటి రాళ్ళ మధ్యనుంచి పోవలసిన ఆట. మోటువేళ్ళు తెరమీద ఎక్కడ పెట్టాలో తెలియక మొదటి పడవ వెంటనే రాతికి కొట్టుకున్నది. రెండవది కొంతదూరం పోయింది. మూడవసారి ఆయన నాలుక బయటపెట్టి, మెడ వంచి, నిజంగా చుక్కాని పట్టినట్టే అటూ ఇటూ ఒరిగాడు. అదీ పోయింది.

“మూడు పేనాలూ పోయాయి. ఇప్పుడేటి?”

“మళ్ళీ ఆడొచ్చు. కావాలంటే కొనుక్కోవచ్చు,” అన్నాడు కొడుకు. ఆ రెండవ మాట నెమ్మదిగా అన్నాడు.

“కొనుక్కోడానికా?” అని ముసలాయన ఫోనును తిప్పి చూశాడు. “పడనినాడు ఉంది గాబట్టే మళ్ళా ఏటకెల్తాం. అది సముద్రం ఆట. ఆ ఆట ఎవులూ పెట్టింది కాదు. ఇది ఎవులో పెట్టినారన్నమాట.” ఫోను తిరిగి ఇచ్చివేసి వల అందుకున్నాడు. చిరిగిన చోట కన్ను అల్లుతూ, తన బొటనవ్రేలు అందులో దూర్చి కొలత చూసుకున్నాడు. ఇంకా చిన్న కన్ను వేస్తే ఎక్కువ చేప పడదా అని నేనడిగాను. పడుతుందన్నాడు. పిల్లచేప కూడా పడుతుందన్నాడు. అట్లాంటి వలలు వేసేవారు ఉన్నారన్నాడు. అంతకంటె ఏమీ అనలేదు.

నౌపడాలో నా రైలుకు వేళవుతున్నది. లేచి ఇసుక దులుపుకుని కొంతదూరం వచ్చి వెనుదిరిగి చూశాను. శిష్యుడు ఫోను జేబులో పెట్టుకుని వల రెండవ కొస పట్టుకున్నాడు. తండ్రి ఏదో చెబుతున్నాడు. గాలికి మాటలు నా దాకా రాలేదు.